మా అప్పకి ఎవరూ నేర్పని మాట

మా చిన్నప్పుడు... పెళ్ళింట్లో పసుపు దంచే రోజున ఆడవాళ్ళ నోళ్ళకి అడ్డూ అదుపూ ఉండేది కాదు. మల్కాపురంలో మా ఇంటి ముందు రోలు, దాని చుట్టూ పల్లె నుంచి దిగిన పెద్దమ్మలు, అత్తలు... రోకటి పోటుకో సరసం. పెళ్ళికూతురు మా అప్ప. అదే, మా అక్క. దానికి ఇరవయ్యేళ్ళు. నాకు పదో, పదకొండో.

ఆ నవ్వుల మధ్య అప్ప మా పెద్దమ్మ పక్కకి జరిగి మెల్లగా అడిగింది.

"పెద్దమ్మా... నాకు బయమేత్తే ఆయనకి ఏటని సెప్పాలి?"

రోకళ్ళు ఆగిపోయాయి. అంతసేపూ సిగ్గంటే ఏమిటో తెలియనట్టున్న వాళ్ళందరికీ ఒక్కసారిగా సిగ్గు ముంచుకొచ్చింది.

"సాల్లే... అలాటియి అడగొచ్చేటే? అయ్యే తెలుత్తాయి," అంది పెద్దమ్మ. మా అమ్మయితే కళ్ళతోనే కాల్చేసింది.

మొగుడూ పెళ్ళాల మీద వేళాకోళాలాడ్డానికి వంద మాటలున్నాయి ఆ నోళ్ళలో... భయపడ్డ పిల్లకి చెప్పడానికి ఒక్కటి లేదు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

బావ పోర్టులో క్రేను నడిపేవాడు. నెమ్మదైన మనిషి. వచ్చినప్పుడల్లా నాకు జీళ్ళ పొట్లం తెచ్చేవాడు.

ఆషాఢానికి పుట్టింటికొచ్చిన అప్ప, శ్రావణం వచ్చినా అత్తారింటికి వెళ్ళనంది. ఇంకేముంది... పంచాయితీ. నాన్న, మావయ్య నులక మంచం మీద, అప్ప గుమ్మం దగ్గర.

"కొడతాడేటే?" అన్నాడు మావయ్య.

"నేదు."

"తాగుతాడా?"

"నేదు."

"మరేటి నీ బాద?"

అప్ప నోరు తెరిచింది... మూసేసింది. నేను తలుపు చాటు నుంచి చూస్తూనే ఉన్నాను. మాట ఎలా వస్తుంది? దెబ్బలకి పేరుంది, తాగుడికి పేరుంది. 'నా మనసేమిటో ఆయనకి అక్కర్లేదు, నాకు వద్దన్నా ఆగడు' అని చెప్పడం దానికి ఎవరు నేర్పారు గనక? అదే దాని బాధ అని పెద్దయ్యాక గానీ నాకూ తెలియలేదు.

"బంగారం నాంటోడు. పద," అని మావయ్య మర్నాడే రిక్షా పిలిచాడు. ఎక్కబోతూ అప్ప అమ్మ వైపు చూసింది. అమ్మ కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది. కన్నతల్లి... ఆవిడకి తెలియదా? తనూ అలాగే కాపురానికి వచ్చింది కదా!

అన్నేళ్ళ కాపురం తర్వాత, బావ రిటైరయ్యాక, ఓ సాయంత్రం వాళ్ళింట్లో టీ తాగుతూ అప్ప నాతో అంది.

"మీ బావ మంచోడేనే. ఒక్కసారైనా నన్నడిగుంటే బాగున్ను."

బావ పక్కనే ఉన్నాడు. టీ గ్లాసు కింద పెట్టాడు.

"అడగాలని నాకు మాత్రం ఎవులు సెప్పేరు? మొదట్లోనే పెళ్ళాం మాట ఇనకుండా బెట్టుగుండమన్నారు... అంతే," అన్నాడు.

అప్ప కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఇద్దరూ మంచివాళ్ళే. వాళ్ళకి ఒక్క మాటా చెప్పకుండా గదిలోకి తోసి, బయట నవ్వుకుంటూ తలుపేసిన పెద్దలందరి మీదా కోపం. మన పరువు మండ... ఎవరి పరువు కాపాడారు?

ఇప్పుడు రోజులు మారాయంటారు. నిజమే, మా మనవడి సైన్సు పుస్తకంలో శరీరం బొమ్మలున్నాయి, భాగాల పేర్లున్నాయి, వాటికి మార్కులూ ఉన్నాయి. 'నీకిష్టమేనా' అని ఎలా అడగాలో, వద్దంటే ఎలా ఆగాలో, ఆగినందుకు మగతనమేమీ తరిగిపోదనీ మాత్రం ఏ పేజీలోనూ కనబడలేదు.

మీ ఇంట్లో ఎవరైనా చెప్పారా? చెప్పి ఉంటే ఏ మాటల్లో చెప్పారో కాస్త కింద రాయండి...

మొన్న మా మనవణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను, నేనైనా చెబుదామని. ఇంత కోపం ఉంది కదా నాకు... నోరు పెగల్లేదు.