ఖర్జూరం చెట్టు గీసిన తాత

మేముండే అరబ్బు దేశంలో, అల్ కుసైస్‌లో ఈమధ్యే నేను చేరిన ఆఫీసు కింద రొట్టెల బట్టీ ఉంది. పొద్దున్నే పులిసిన పిండి వాసన మెట్లెక్కి వస్తుంటే, 2020 వేసవిలో మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మేం అద్దెకున్న విల్లా వెనకవాటా, మూడు నెలలుండి పోదామని వచ్చి విమానాలు ఆగిపోవడంతో మాతో చిక్కుకుపోయిన మల్లయ్య తాతా గుర్తొస్తారు. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. నాన్నకు నాన్న ఆయన. జగిత్యాల దగ్గరి పల్లెలో నలభై ఏళ్లు తాటిచెట్లూ ఈతచెట్లూ గీసి, కల్లు అమ్మి నాన్నను చదివించినవాడు.

బయటికి పోయే వీల్లేని ఆ ఎండల్లో అమ్మ సర్వపిండి కాల్చేది, నేనూ తాతా గచ్చు మీద సుద్దతో గళ్లు గీసుకుని ఖర్జూరం గింజలే పావులుగా అష్టాచెమ్మా ఆడేవాళ్లం, ఓడిపోతున్నప్పుడల్లా తాత దగ్గు నటించి ఒక గింజను ముందుకు జరిపేవాడు.

ఒక తెల్లవారుజామున ఆయన బట్టలారేసే నైలాన్ తాడునే మోకులా నడుముకు చుట్టుకుని పెరట్లోని ఖర్జూరం చెట్టెక్కి, కూరగాయల కత్తితో మొవ్వ దగ్గర గీసి, నీళ్ల సీసా కట్టాడు. నాలుగు రోజులకు నీరా దిగింది. వేలితో నా నాలుకకు రాసి, “తియ్యగున్నదా బిడ్డా? మాపటికి పులుస్తది, గప్పుడు నీకు గాదు” అని నవ్వాడు. మధ్యాహ్నానికి సీసా మూతిదాకా నురగ పొంగేది. అమ్మ కిటికీలు మూసి, నాన్నకు చెప్పొద్దని సైగ చేసేది.

పదో రోజున విల్లా యజమాని పెట్టుకున్న మేనేజరు చెట్టు మీది కోత చూసి తలుపు కొట్టాడు. ఇక్కడ ఇంట్లో కల్లు తీయడం నేరం; సంగతి పోలీసులదాకా పోతే వీసా ఖలాస్ అని నాన్నకు తెలుసు. ఈ ముసలాయన ఎవరని మేనేజరు అడిగితే నాన్న, “హమారా నౌకర్ హై సాబ్” అన్నాడు. అంతటితో ఆగక, అతని ముందే తాత చెంప మీద కొట్టాడు. మేనేజరు నావైపు తిరిగి, నిజమేనా అన్నట్టు “సచ్ హై?” అన్నాడు.

నేను తలూపాను.

తాత చేతులు జోడించి, తన కొడుకుతోనే, “మాఫ్ కరో సాబ్” అన్నాడు.

మేనేజరు పోలీసులను పిలవకుండానే పోయాడు గానీ, ఆ రోజునుంచి తాత మాతో కూర్చుని తినలేదు. పళ్లెం పట్టుకుని గుమ్మం బయట చెప్పుల పక్కన కూర్చునేవాడు. అమ్మ ఏడ్చి పిలిస్తే “నౌకరును గద బిడ్డా” అనేవాడు. “నాటకాలు బంద్ జెయ్యి బాపూ” అని నాన్న కసిరితే, “సరే సారూ” అనేవాడు. విమానాలు మొదలైన వారంలోనే నాన్న ఆయన్ను పంపేశాడు. ఎయిర్‌పోర్టులో నేను మొక్కబోతే తాత పాదాలు వెనక్కి లాక్కున్నాడు. మరుసటి వేసవిలో పోయాడని ఫోనొచ్చింది. సెలవు దొరకలేదని నాన్న వెళ్లలేదు.

ఇప్పుడా చెట్టు లేదు; గీసినచోట కుళ్లి మొవ్వ వాలిపోతే, పెకిలించి గచ్చు చేశారు. మోకు వేసి చెట్టెక్కగల మనిషి మా ఇంట్లో ఇంకొకరు లేరు. మొన్న ఆదివారం నాన్న స్నేహితులు భోజనానికొచ్చారు.

“మీ తాతగారేం చేసేవారమ్మా?” అని ఒకాయన అడిగాడు.

నాన్న నోరు విప్పేలోపే, “వ్యవసాయం అంకుల్” అన్నాను.