తిన్నింటి వాసాలు లెక్కపెట్టిన ఉద్యోగం

ఆరు కొత్త ఇళ్ళు. ఆరు కుటుంబాలు. ఆరు తాళాలు. ఎవరి తాళం వాళ్ళ చేతిలో పెట్టాలి, అంతే. ఇంతకన్నా సులువైన పని ఈ భూమ్మీద ఎవరికీ అప్పగించి ఉండరు. అలాంటి పనిని, ఆరు కుటుంబాలూ మూటాముల్లే సర్దుకోబోయేదాకా ఎలా తీసుకెళ్ళానో ఇప్పుడు చెప్తాను. మీరు ధారాళంగా నవ్వుకోవచ్చు. జరుగుతున్నప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. మాది కొత్తపేట. సోషల్ వర్కు చదివి కాలేజీలో ఫస్టు వచ్చాను. దాంతో పేదరికం గురించి నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం కుదిరింది. అమలాపురంలో ఒక చిన్న సంస్థలో ఉద్యోగం దొరికింది. రెక్కాడితేగానీ డొక్కాడని కుటుంబాలకి, వాళ్ళు కట్టుకోగలిగిన వాయిదాల మీద, రెండు గదుల శ్లాబు ఇల్లు కట్టించి ఇస్తుంది ఆ సంస్థ. నడిపేది సత్యనారాయణ మాస్టారని, రిటైరైన లెక్కల మాస్టారు.

"ముమ్మిడివరం దగ్గర మన ఆరిళ్ళు తయారైపోయేయి కదా," అన్నారు మాస్టారు మొదటి వారంలోనే. "ఆరు దరఖాస్తులున్నాయి. అందరూ కాలవగట్టు మీద పాకల్లో ఉంటున్నారు. శ్రావణానికల్లా గట్టు ఖాళీ చేసేయమని వాళ్ళకి నోటీసులొచ్చేయి. ఈలోగా మన ఇళ్ళలోకి మార్చేయాలి. నువ్వెళ్ళి ఒకసారి చూసి, ఫారాలు నింపి రా. దాతలకి కాయితం చూపించాలి గదా."

అర్థమైంది కదండీ. అవునని రాయడానికి పంపించారు. నేను కాదని రాసుకుని వచ్చాను.

ఫారంలో చాలా గళ్ళున్నాయి. గోడలు దేనితో కట్టారు, కప్పు దేంతో వేశారు, వాసాలెన్ని, ఇంట్లో సామానేముంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని పెద్దలన్నారు. నా ఉద్యోగం సరిగ్గా అదే. తినడం మాత్రం ఫారంలో లేదు, దాన్ని నేను సొంతంగా చేర్చుకున్నాను.

మొదటి తప్పు ముందురోజు ఫోను చెయ్యడం. ఆ ఆరు కుటుంబాల తరఫునా మాట్లాడేది వీరవేణి. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని ఆవిడది. భర్త కొబ్బరి లారీలకి లోడింగు చేస్తాడు. ఇద్దరాడపిల్లలు, ఒక అత్తగారు.

"రేపు పదింటికి ఇళ్ళు చూడ్డానికి వస్తున్నానండి," అన్నాను.

"ఆయ్. తప్పకుండా రండి మేడంగారూ," అంది వీరవేణి. ఆ 'ఆయ్' వెనకాల ఎంత ఏర్పాటు మొదలైందో నాకేం తెలుసు?

మర్నాడు స్కూటీ వేసుకుని వెళ్ళాను. ఆషాఢం వచ్చినా చుక్క పడలేదు, ఎండ మాడ్చేస్తోంది. వీరవేణి పాకలోకి తల వంచి దూరాను. లోపల ఎర్ర దిండు వేసిన టేకు కుర్చీ. ఎదురుగా స్టాండు ఫ్యాను, తిరిగినప్పుడల్లా ఒకసారి కిర్రుమంటోంది. గాజు గ్లాసులో నిమ్మకాయ షర్బత్తు. పళ్ళెంలో వేడివేడి పకోడీలు, పక్కన ఆరు పూతరేకులు.

"ఇవన్నీ ఎందుకండి?" అన్నాను, అప్పటికే ఒకటి నోట్లో పెట్టుకుని.

"ఎంతండి, ఏదో ఉన్నదాంట్లో," అంది వీరవేణి.

మన గోదావరి జిల్లాల్లో ఈ మాట అనకుండా ఎవరైనా పళ్ళెం చేతికిస్తారా? నేనూ పుట్టిందగ్గర్నించీ వింటూనే ఉన్నాను. కానీ ఆ రోజు చేతిలో ఫారం ఉంది. ఉన్నదాంట్లోనే ఇంత పెట్టారంటే ఉన్నది ఎంతో అనుకున్నాను. రెండు పూతరేకులు తిని, సామాను గడిలో కుర్చీ, ఫ్యాను, గాజు గ్లాసులు రాసుకుని, రూలు ప్రకారం ఫోటో తీసుకుని లేచాను.

పక్క పాకలోకి వెళ్ళబోతుంటే వీరవేణి అత్తగారు చెయ్యి పట్టుకున్నారు. "ఎండగా ఉందమ్మా. ముందు బొండం తాగు." కొబ్బరిబొండం తాగించి, లేత కొబ్బరి గీరి పెట్టి, మా తాతగారి పేరు దగ్గర్నించీ అన్నీ అడిగి, పది నిమిషాలు కూర్చోబెట్టారు. వెనక దొడ్డి వైపు నించి ఎవరో బరువు మోస్తూ రొప్పుతున్న చప్పుడు వినిపించింది. కొబ్బరి లోడింగేమో అనుకున్నాను.

రెండో ఇంట్లో ఎర్ర దిండు వేసిన టేకు కుర్చీ. స్టాండు ఫ్యాను, కిర్రు. పళ్ళెంలో పూతరేకులు నాలుగు. ఇక్కడా రెండు తిన్నాను. బయటికి రాగానే మళ్ళీ బొండం.

మూడో ఇంట్లో టేకు కుర్చీ, ఫ్యాను, కిర్రు. పూతరేకులు రెండు.

మీకు అర్థమైపోయింది. నాకు అర్థం కాలేదు. ఆరులోంచి రెండు తీసేస్తే నాలుగని తెలిసినదాన్నే, కానీ ఆ తీసివేత నా బుర్రకి తట్టలేదు. నాలుగో ఇంటావిడ అరటిపళ్ళు పెట్టి, "పూతరేకులు అయిపోయేయండి, ఏమీ అనుకోకండి," అంటే, పాపం వీళ్ళింట్లో రోజూ తింటారేమో, ఇవాళే అయిపోయాయి కాబోలు అనుకున్నాను.

ఆరో ఇల్లు దాటేసరికి నాకు తల తిరుగుతోంది. గోడలు తడికలు. కప్పు తాటాకు, దాని మీద చిరిగిన టార్పాలిను. లోపల చూస్తే జమీందారు సామాను. వీళ్ళంతా ఒకే షాపులో కొన్నారా? కొంటే అన్ని ఫ్యాన్లూ ఒక్కలాగే ఎందుకు కిర్రుమంటాయి? ఎంత ఆలోచించినా ఒక కొలిక్కి రాలేదు. అసలే కడుపులో అయిదు బొండాలున్నాయి. చివరికి చదివిన చదువు మీద భారం వేసి ఆరు ఫారాల్లోనూ ఒకే మాట రాశాను: స్థితిమంతులు, సాయం అవసరం లేదు. కింద సంతకం పెట్టాను. సంస్థ ముద్ర వేశాను. మాస్టారు హైదరాబాదు వెళ్ళి ఉన్నారు కాబట్టి, ఆయన వచ్చేసరికి పని పూర్తి చేసి మెప్పు పొందుదామని నోటీసు బోర్డు మీద కాయితం కూడా అంటించాను. 'అర్హులు: ఎవరూ లేరు.'

మూడో రోజు పొద్దున్నే వీరవేణి, ఇంకొకావిడ ఆఫీసుకి వచ్చారు. ఇద్దరూ షెడ్డు పని మానుకుని వచ్చారు.

"మేడంగారూ, మావల్ల ఏం లోపం జరిగిందో చెప్పండి. సరిదిద్దుకుంటామండి," అంది వీరవేణి.

"లోపమేమీ లేదండి."

"పకోడీలో ఉప్పెక్కువైందాండి?"

"లేదండి, చాలా బాగున్నాయి."

"అయితే పూతరేకులేనండి. ముందురోజువి, మెత్తబడ్డాయని మా అత్తగారు అప్పటికీ అన్నారండి."

"అవీ బాగున్నాయండి."

"అన్నీ బాగుంటే మరి ఇల్లెందుకు రాలేదండి?"

"బాగున్నాయి కాబట్టే రాలేదండి."

వీరవేణి నా మొహంలోకి కాసేపు చూసి, పక్కావిడ వైపు తిరిగి, "మేడంగారికి ఆ రోజు ఎండదెబ్బ తగిలినట్టుందే," అంది. ఆ గొంతులో కోపం లేదు, నిజంగా జాలే. తరవాత నెమ్మదిగా అంది, "శ్రావణం ఇంక ఇరవై రోజులుందండి. గట్టు మీదనించి లేపేస్తే ఇద్దరాడపిల్లల్నీ, ముసలావిణ్ణీ పట్టుకుని ఎక్కడికెళ్ళమంటారండి?" ఎక్కడో పెద్ద తప్పు చేశానని అప్పుడు అనిపించింది. ఏ తప్పో మాత్రం తెలియలేదు.

మర్నాడు మాస్టారు వచ్చారు. నోటీసు బోర్డు చూశారు. ఫారాలు తెమ్మన్నారు. ఫోటోలు బల్ల మీద వరసగా పేర్చారు.

"ఆరిళ్ళకీ వెళ్ళేవా?"

"వెళ్ళేనండి."

"మరి ఆరు ఫోటోల్లోనూ కుర్చీ ఒకటే ఉందేం?"

"ఒకే షాపులో కొన్నారేమోనండి."

"కుర్చీ కుడి చేతి మీద చుట్ట కాలిన మచ్చుంది. ఆ మచ్చ కూడా షాపులోనే ఇచ్చేరా?"

నేను వంగి చూశాను. ఆరు కుర్చీలకీ ఆరు మచ్చలు.

"ఒక్కింట్లో కూర్చుని ఆరు ఫారాలూ నింపేసేవు," అన్నారు మాస్టారు. "ముప్ఫైయ్యేళ్ళు పరీక్ష పేపర్లు దిద్దేనమ్మా. కాపీ ఎక్కడున్నా పట్టేస్తాను."

"లేదండి, ఆరిళ్ళలోనూ తిన్నానండి." నిజాయితీకి ఇంతకన్నా రుజువు నా దగ్గర లేదు.

"సరే, రేపు నేనూ వస్తాను. అబద్ధమని తేలితే నీకు ఉద్యోగం లేదు."

ఇక్కడ మీరు నన్ను ఒక తిట్టు తిట్టవచ్చు. ఎందుకంటే ఆ సాయంత్రం నేను మళ్ళీ ఫోను చేశాను. "రేపు మాస్టారుగారు కూడా వస్తున్నారండి."

"ఆయ్," అంది వీరవేణి.

మర్నాడు పాకలోకి అడుగు పెట్టబోయిన మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయారు. లోపల కాలు పెట్టడానికి చోటు లేదు. పెళ్ళి రిసెప్షనులో వధూవరులు కూర్చునే సోఫా, రెండు వైపులా బంగారు రంగు సింహాలతో సహా, ఆ మట్టి నేల మీద కొలువై ఉంది. పాక ముప్పావు భాగం అదే ఆక్రమించింది. ఇంటివాళ్ళు అంచుల్లో ఒదిగి నిలబడ్డారు. మాస్టారిని రెండు చేతులా పట్టుకుని అందులో కూర్చోబెట్టారు. నన్ను పక్కన కూర్చోమంటే ససేమిరా అన్నాను.

పెసరట్టు ఉప్మా వచ్చింది. రొయ్యల వేపుడు వచ్చింది. తరవాత పళ్ళెం నిండా కొత్త పూతరేకులు వచ్చాయి.

"నాకు షుగరమ్మా, ఏమీ వద్దు," అన్నారు మాస్టారు.

నేను అప్పటికి గుణపాఠం నేర్చుకుని ఉన్నాను కదా. తింటే ఇల్లు రాలేదు, కాబట్టి తినకూడదు. "నాకూ ఏమీ వద్దండి. మంచినీళ్ళు కూడా వద్దు," అన్నాను గట్టిగా.

వీరవేణి పళ్ళెం కింద పెట్టేసింది. మొహం చిన్నబోయింది. "అయితే వెళ్ళిరండి. మాకు ఇల్లొద్దండి."

"అదేంటండి?"

"మా ఇంట్లో గుక్కెడు నీళ్ళు ముట్టనోళ్ళు ఇచ్చిన ఇంట్లో మాకు ముద్దెలా దిగుతదండి?"

తింటే వాళ్ళకి ఇల్లు రాదు. తినకపోతే వాళ్ళే ఇల్లొద్దంటారు. ఏ ప్రొఫెసరూ దీని గురించి నాకు చెప్పలేదు. ఏడుపొక్కటే తక్కువగా మాస్టారి వైపు చూశాను. ఆయన బట్టతల మీద ఒక నీటిచుక్క పడింది. ఆయన పైకి చూశారు. రెండోది కళ్ళజోడు మీద పడింది.

ఆ ఏడాది మొదటి పెద్ద వాన అలా వచ్చింది. పాకలో ఎవరూ కంగారు పడలేదు. అత్తగారు పైకి చూడకుండానే మూడు చోట్ల మూడు గిన్నెలు పెట్టారు. మూడింటిలోనూ చుక్క సరిగ్గా మధ్యలో పడింది. పెద్దపిల్ల పుస్తకాల సంచులు రెండూ తీసి నెత్తిన పెట్టుకుని గుమ్మం పక్క మూలకి జరిగింది. చిన్నది వెళ్ళి దాని పక్కన అతుక్కుని నిలబడింది. వీరవేణి బియ్యం డబ్బా జానెడు పక్కకి నెట్టింది. ఎవరికీ ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇదే పాకలో కూర్చుని వాసాలన్నీ లెక్కపెట్టాను, వాటి మధ్య కనిపిస్తున్న ఆకాశాన్ని వదిలేశాను.

వీరవేణి భయమంతా వేరే. "మాస్టారూ, ఒక్కసారి లేవండి. సోఫా తడిస్తే టెంటుహౌసోళ్ళు ఊరుకోరండి."

"టెంటుహౌసుదా?" అన్నారు మాస్టారు. "మరి ఆ టేకు కుర్చీ?"

"సుబ్బరాజుగారిదండి, పై వీధిలో. చుట్ట కాలిన మచ్చుంటదండి దానికి. ఫ్యాను బడ్డీకొట్టోళ్ళది. ఆరిళ్ళకీ మా ఆయనే మోసేరండి, దొడ్లంట."

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారు. ఇక్కడ పల్లకీని అరువు తెచ్చి, దొడ్డిదారిన ఇంటింటికీ మోశారు, అదీ నాకోసం. మాస్టారు నావైపు చూసిన చూపులో అనుమానం పోయింది. దాని స్థానంలోకి వచ్చింది అంతకన్నా మర్యాదైనదేమీ కాదు.

"ఎందుకమ్మా ఇదంతా?" అన్నారాయన. "మీకు ఏమీ లేదని చూడ్డానికే కదా మేం వచ్చేది."

"లేదని దరఖాస్తులో రాసిచ్చేం గదండీ," అంది వీరవేణి. "అది సాలక, ఇంటికొచ్చిన మనిషిని నేల మీద కూర్చోబెట్టి మరీ సూపించాలాండి?"

నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే వేస్తూనే ఉంటుంది. మాస్టారు మాత్రం సోఫా దిగి, చెమ్మగా ఉన్న నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. "ఆ పళ్ళెం ఇలా ఇయ్యమ్మా," అన్నారు.

"మాస్టారూ, మీకు షుగరు," అన్నాను.

"నువ్వు కూడా కూర్చుని తిను," అన్నారాయన. "ఇది గానీ ఫారంలో ఎక్కించేవంటే మాత్రం ఇక్కణ్ణించే మీ కొత్తపేట పంపించేస్తాను."

ఆ రాతలన్నీ రద్దు చేసి కొత్త ఫారాలు నింపాను. గట్టు ఖాళీ చేయించేవాళ్ళు రాకముందే, శ్రావణం మొదటి శుక్రవారం ఆరిళ్ళలోనూ పాలు పొంగాయి. వీరవేణి గడప దగ్గర పసుపు ఇంకా ఆరలేదు. అందరం ముందు గదిలో కూర్చుని ఉండగా ఆవిడ మాస్టారి దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"మాస్టారూ, మేడంగారు మొదట రాసిన కాయితం ఉందాండి?"

గదిలో అందరూ నావైపు తిరిగారు. అయిపోయింది, ఇంతమంది ముందూ కడిగేస్తుంది అనుకుని తల దించుకున్నాను.

"ఫైల్లో ఉందమ్మా. ఎందుకు?"

"ఓ కాపీ ఇప్పించండి. పటం కట్టించుకుంటానండి."

"దాన్నా?"

"ఆయ్. మా పుట్టింట్లోగానీ, అత్తింట్లోగానీ, తాతలనాటి నించీ మమ్మల్ని స్థితిమంతులని కాయితం మీద రాసి, సంతకం పెట్టి, ముద్రేసింది ఈ అమ్మాయిగారొక్కరేనండి."

ఆ పటం ఇప్పటికీ వాళ్ళింట్లో దేవుడి పటాల పక్కనే ఉంది. నేను ఎప్పుడు వెళ్ళినా, ఇంట్లో ఉన్న చుట్టాలందరినీ పిలిచి, సంతకం పెట్టింది ఈవిడేనని చూపిస్తారు. వాళ్ళు ముందు సంతకాన్ని, తరవాత నన్ను, మళ్ళీ సంతకాన్ని చూస్తారు.

కాబట్టి ఆరిళ్ళ శ్లాబుల మీదా చెయ్యి వేసి, త్రికరణశుద్ధిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను ఎవరింటికి సర్వేకి వెళ్ళినా ముందుగా ఫోను చెయ్యను. వెళ్ళాక వాళ్ళు పెట్టింది కడుపునిండా తింటాను. మూతి తుడుచుకుంటాను. సామాను గడిలో 'ఏమీ లేదు' అని రాస్తాను.