అక్క దగ్గరికి రైల్లో

చిత్తూరు బజారులో బేరమాడి నన్ను ముంచినవాడు ఇంతవరకు లేడు. ముంచాలంటే నేనే ముంచుకోవాలి. ముంచుకున్నాను కూడా, అదీ మామూలుగా కాదు. మధ్యాహ్నం తిరుపతిలో విమానమెక్కితే రాత్రి భోజనానికి ఢిల్లీ చేరే వీలుండగా, రెండు రాత్రులు పట్టే రైలుకు టికెట్టు కొన్నాను. ఆ ఘనతలో ఎవరికీ వాటా లేదు.

మాది పాత్రల అంగడి. ఎదురుగా మామిడికాయల మండీ. కొన్నేళ్ళుగా పూత ఎండకు మాడిపోతోంది. మండీకి లారీలు తగ్గితే మా గిన్నెలూ కదలవు. విమానాల పొగ కూడా ఈ ఎండను పెంచుతోందని ఎక్కడో చదివి, ఒకరోజు అంగట్లో అందరి ముందూ, "నేనింక విమానం ఎక్కను, ఎంత దూరమైనా రైలే" అనేశాను. బతుకులో దేనికీ ఒకే ధర చెప్పనివాణ్ణి, ఆ మాటకు మాత్రం 'బేరం లేదు' అని బోర్డు తగిలించాను.

ఆ వారమే అక్క ఫోను. పెళ్ళయినప్పటి నుంచి ఢిల్లీలో బావతో కలిసి పచారీ కొట్టు నడుపుతోంది. గొంతులో పుండు ముదిరింది, స్వరపేటిక తీసేస్తారట.

"శుక్రవారం కోస్తారంటరా. ఆపైన నాకు గొంతుండదు. ముందే వచ్చేయ్. ఒకసారి మన అంగడాట ఆడుకుందాం."

అంగడాట మా చిన్ననాటి నాటకం. నాయన భోజనానికి వెళ్ళగానే మొదలయ్యేది. బిందె అడిగిన గిరాకీకి అక్క ఆకాశమంత ధర చెప్పేది. నేను జాలిమొహం పెట్టి, "అక్కా, మనోళ్ళే, తగ్గించు" అనేవాణ్ణి. "నాయనొస్తే నీ వీపూ నా వీపూ పగులుతాయిరా" అని బజారంతా వినబడేలా అరిచి, చివరికి తగ్గించేది. మండీలో దళారులు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకొని ధర చెప్పుకుంటారు కదా, అలాగే ఎంతకు దిగాలో బల్ల కింద నా వేళ్ళు నొక్కి చెప్పేది. చెయ్యి లాగేసుకుందంటే ఇక బేరం లేదని. ఆ నాటకంలో గొంతు అక్కది, నాది మొహం మాత్రమే.

మంగళవారం సాయంత్రం రైలెక్కాను. గురువారం ఉదయం చేరాలి. ఒక రోజు మిగులే అనుకున్నాను. ఎదుటి బెర్తులో నగరిలో మరమగ్గాలున్న ఒక పెద్దాయన. నా వ్రతం విని చాలాసేపు నవ్వాడు.

"నువ్వెక్కలేదని విమానం ఆగినాదా అప్పా? నీ సీట్లో ఇంకోడు కూసోనుంటాడు."

"గిరాకీ తగ్గితే సరుకు తగ్గుతాదన్నా."

"ఒకడు ఉప్పు మానేస్తే ఉప్పంగడి మూస్తారా? సరే, పొగ మిగలబెట్టినావు. వడ్డీ ఎవురిస్తారు?"

బుధవారం రాత్రి, కాలం కాని కాలంలో వాన దంచింది. ముందు ఎక్కడో పట్టాల కింద కంకర కొట్టుకుపోయిందని ఒక చిన్న స్టేషన్లో రైలు ఆపేశారు. పూత మాడ్చిన ఎండకు భయపడి నేను రైలెక్కితే, అదే పాడు కాలం వానై వచ్చి రైలును పట్టుకుంది. తెల్లవారాక పెద్దాయన పెట్టె దించుకున్నాడు.

"కారు మాట్లాడినా, రాప్పా. వెనక్కి నాగపూరు పోయి విమానం ఎక్కుతాం. మీ అక్క ముఖ్యమా, నీ బోర్డు ముఖ్యమా?"

రెండు గంటల్లో కదులుతుందని అప్పుడే మైకులో చెప్పారు. నేను కదల్లేదు. రైలూ కదల్లేదు. ఆ రెండు గంటలను సాయంత్రం దాకా చెబుతూనే ఉన్నారు.

చీకటి పడుతుండగా అక్క ఫోను చేసింది.

"యాడుండావురా?"

"రేప్పొద్దున వచ్చేస్తానక్కా."

"సరుకు రేపొస్తాదని గిరాకీకి చెప్తామే, ఆ రేపా? నాకే చెప్తావా?" నవ్వబోయి దగ్గింది.

"పోనీ, ఫోన్లో ఆడదామా?"

"ఫోన్లో బల్ల యాడుండాదిరా, నీ వేళ్ళు పట్టుకునేదానికి?" అని పెట్టేసింది. నేను విన్న ఆఖరి మాట అదే.

చేరేసరికి శుక్రవారం రాత్రయింది. మరునాడు ఆస్పత్రిలో లోపలికి పంపారు. గొంతుకు కట్టు, మధ్యలో గొట్టం. అక్క నన్ను చూసింది, ఏడవలేదు. ఏం చెయ్యాలో తోచక, "అక్కా, మనోళ్ళే, తగ్గించు" అన్నాను. అరవాల్సిన చోట గొట్టంలో గాలి బుస్సుమంది. దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి ఆమె వేళ్ళు పట్టుకున్నాను. కాసేపు ఉంచింది. తర్వాత చెయ్యి లాగేసుకుంది.

తిరుగు ప్రయాణమూ రైల్లోనే. ఇక తొందరేముంది?

బిల్లు నిజాయితీగా వేస్తే ఇంతే. మిగిలింది, రానూ పోనూ ఒక మనిషి పొగ. నేను వదిలిన సీట్లో ఎవరూ కూర్చోలేదనుకుంటేనే అదీ. తోటల్లో ఈ ఏడూ పూత నిలవలేదు. పోయింది, అక్క నోటితో నన్ను తిట్టాల్సిన ఒక తిట్టు. కొసరు ఏమీ లేదు.