అబ్బా నల్ల పళ్లపొడి

ఈ రోజు పొద్దున మా అబ్బాను ఖిలా వరంగల్ నుంచి హనుమకొండకు, గుండె డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. స్టెంట్ వేశాక ఆయన జర్దా నమలడం మానేసి ఆరు నెలలైంది. కానీ మూత్ర పరీక్షలో కొటినిన్ ఎక్కువగా వచ్చింది.

అదేమిటని అడిగితే డాక్టరమ్మ చెప్పింది. "పొగాకుల నికోటిన్ ఉంటది కదా. లివర్‌ల ఒక ఎంజైమ్ దానికి ఆక్సిజన్ పట్టించి కొటినిన్ చేస్తది. రెండు రోజుల కింద తిన్నా దొరుకుతది."

అబ్బా నా వైపు తిరిగాడు. "అల్లా కసం బేటా, నేను జర్దా ముట్టలే. మిషిన్ ఖరాబైంది కావచ్చు."

నేను నమ్మలేదు. ఇంటికి రాగానే ఆయన లాల్చీ జేబులు, దిండు కింద, స్కూటర్ డిక్కీ అన్నీ వెతికాను. ఏమీ దొరకలేదు. చేతులు కడుక్కుందామని వెళ్తే సింకు దగ్గర నల్ల పళ్లపొడి డబ్బా కనిపించింది. మూత తీస్తే ఘాటుకు తల తిరిగింది. వెనుక చిన్న అక్షరాల్లో పొగాకు అని ఉంది.

"ఇది ఎప్పటి సంది వాడుతున్నవ్ అబ్బా?"

"ఆర్నెల్లాయె. పళ్లకు మంచిదని దుకాణపాయన ఇచ్చిండు. అందుల ఏమున్నదో నాకేమెరుక?"

పాపం, నిజంగానే తెలియదేమో అనిపించింది. అనుమానించినందుకు మాఫీ అడిగాను. అప్పుడు వంటింట్లోంచి అమ్మీ అంది, "రోజుకు ఆరుసార్లు పళ్లు తోముతాండు మీ అబ్బా. ఇంత శుభ్రం ఎన్నడు నేర్చిండో అని నేనూ చూస్తనే ఉన్న."

అబ్బా టీవీ సౌండు పెంచాడు. మీరే చెప్పండి, ఒకసారి అడిగిన మాఫీని వెనక్కి తీసుకోవచ్చా?