మా అత్త చూసిన జపాను సినిమా

మా అత్త నూకమ్మకి ఎనభై రెండేళ్ళు. మలేసియాలోని మా ఊరు క్లాంగ్‌లో ఆవిడ నోటికి జడవని వాళ్ళు లేరు. మా ఆయన వసంతన్ కొన్న జపాను కారులోనే గుడికి వెళ్తుంది, ఏసీ పెంచమంటుంది, దిగేటప్పుడు మాత్రం తలుపు ధడాలున వేసి "పాడు జపానోడి బండి" అని తిడుతుంది. పాపం, ఆ కారు ఏం చేసిందని?

కోపానికి కారణం లేకపోలేదు. ఆవిడ పొత్తిళ్ళలో ఉండగా, రెండో ప్రపంచయుద్ధంలో, తెలుక్ ఇంటాన్ దగ్గరి కొబ్బరి తోటలోంచి జపాను సైన్యం కూలీలను పట్టుకుపోయింది, సయాంలో, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌లో, రైలు పట్టాలు వేయించడానికి. వాళ్ళలో ఆవిడ అయ్య ఒకడు. తిరిగి రాలేదు. చచ్చిపోయాడని చెప్పినవాడూ లేడు. అందుకని ఆవిడ తల్లి కట్టె కాలేవరకు బొట్టు తీయలేదు.

దీపావళి ముందు రోజు మా ఇంట్లో పోయినవాళ్ళకి పేరుపేరునా అరిటాకు వేసి, ఎవరికి ఇష్టమైంది వాళ్ళకి వడ్డిస్తాం. మా మామకి మటన్, పక్కన బీరు. ఆవిడ తల్లికి ఎండుచేప. అయ్యకి మాత్రం ఆకు లేదు. "ఆకేత్తే మనమే సంపేసినట్టు" అంటుంది. బతికుంటే ఆయనకి నూటపది దాటాలి కదా అని ఒకసారి నోరు జారాను. వారం రోజులు నా చేతి కాఫీ ముట్టలేదు. ఇంత మొండి మనిషిని నేనెక్కడా చూడలేదు.

మొన్న దీపావళి ముందు మా అమ్మాయి నిషా ఒక జపాను సినిమాకి టిక్కెట్లు తెచ్చింది. సముద్రంలోంచి రాకాసి వస్తుందట, అయినా ఏడుపు ఆగదట. రాకాసి సినిమాకి ఏడవడమేమిటో! మా ఆయన సంగతి చెప్పక్కర్లేదు. సినిమా చూడకముందే "మానవత్వం, వేదన" అంటూ మొదలుపెట్టాడు. అత్త రాదనుకున్నాం. అందరికంటే ముందు చీర కట్టుకుని కూర్చుంది.

"జపానోడి ఊరిని రాకాసి తొక్కేత్తంటే నాను సూడొద్దేటి?" అంది.

రాకాసి వచ్చింది. బాగా మేసిన ఉడుములా ఉంది. అది ఓడరేవును తొక్కుతుంటే అత్త "తొక్కు, ఇంకా తొక్కు" అని సంబరపడింది. తర్వాత అసలు కథ. రాకాసి ఒక జాలరి పడవను మింగేసింది. అతను పోయాడని ఊరంతా అన్నా పెళ్ళాం నమ్మలేదు. రాత్రిళ్ళు తలుపు గడియ పెట్టుకోదు. నిషా తమిళం, తెలుగు కలిపి చెవిలో చెబుతుంటే అత్త ముందుకు వంగి చూసింది.

చివరికి రాకాసి చచ్చింది. ఇరవయ్యేళ్ళ తర్వాత మొగుడు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. ఒక్క వెంట్రుక నెరవలేదు. వయొలిన్లు మోగాయి. హాలంతా ముక్కులు చీదుతోంది. మా ఆయన రుమాలు తీశాడు.

అత్త పకపకా నవ్వింది. "ఒచ్చేసినాడా? సొక్కా కూడా నలగనేదు! సిగ్గునేదా ఈళ్ళకి?"

"అమ్మా, మెల్లగా. అందరూ సూత్తన్నారు" అన్నాడు వసంతన్.

"సూడనీ! మా అయ్యని అట్టుకుపోయినోళ్ళు ఆళ్ళ మొగుళ్ళని మాత్రం ఇంటికి తెచ్చేసుకున్నారు. ఇలాగే ఒచ్చేత్తాడని మాయమ్మ..."

అక్కడితో నవ్వు ఆగిపోయింది. ఆ సినిమా తీసినవాడి మీద నాకు ఒళ్ళు మండింది. అంత ఏడుపు ఏడిపించి, ఆశను అంత చవగ్గా అమ్ముతారా ఎవరైనా? దిగేటప్పుడు అత్త కారు తలుపు కూడా మెల్లగానే వేసింది.

దీపావళి ముందు రోజు నేను ఆకులు పరుస్తుంటే వచ్చి నిలబడింది.

"ఇంకో ఆకెయ్యే, దేవకీ."

"ఎవులికి అత్తా?"

"మా అయ్యకి."

ఆకు కడిగి వేశాను, అన్నం పెట్టాను. గరిటె పట్టుకుని అలవాటుగా అడిగేశాను: "ఆయనకేటి ఇష్టం అత్తా?"

అత్త వంగి ఆ ఆకు అంచు సరిచేసింది.

"నాకు తెల్దే. ఎప్పుడడిగినా మాయమ్మ సెప్పీది కాదు. ఒచ్చినాక నువ్వే అడుగుదువులే అనీది."