పొయ్యి మూతి

సమితి ఆఫీసు వాళ్లు పొగ లేని పొయ్యిలు కట్టడం నేర్పిస్తారంటే అందరికంటే ముందు పేరిచ్చింది నేనే. ఊరిని ఉద్ధరించాలని కాదు, మా అమ్మ దగ్గు కోసం. కందికట్టెల పొగ మింగీ మింగీ ఆమెకు నాలుగు మాటలకే ఆయాసం వచ్చేది. ఎనభైల మొదటి సంగతి. జహీరాబాదులో వారం రోజులు మట్టీ ఊకా పిసికి పని నేర్చుకుని, మొదటి పొయ్యి మా ఇంట్లోనే కట్టాను. పొగంతా గొట్టంలోంచి కప్పు మీదికి పోతుంటే అమ్మ వాకిట్లోకొచ్చి చూసి, "అబ్బో, మన పొగ మొగుడంపల్లి దిక్కు పోతున్నదే!" అని నవ్వింది. ఆ నవ్వులో దగ్గు లేదు. ఆ పూట నా అంత గొప్పది ఇంకొకతి లేదనుకున్నాను.

తర్వాత ఝరాసంగం వైపు ఊళ్లలో పొయ్యిలు కడుతూ పది రోజులు తిరిగి ఇంటికొస్తే, మళ్లీ అదే దగ్గు. చూద్దును కదా, పొయ్యి మూతి ఇంత వెడల్పున పగలగొట్టి ఉంది. పొగంతా ఇంట్లోకే. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీకు బుద్ధున్నదా అమ్మా? రేపు సమితి సారు పొయ్యి కొలిచి గోడకు నంబరెయ్య వస్తడు. నా పని పోతది!"

"నీ పొయ్యి మంచిదే బిడ్డా. కని రొట్టె నిలవెట్ట జాగేది? నిలవెట్టకుంట ఎట్ల పొంగుతది?"

జొన్నరొట్టెను పెనం మీంచి తీసి, పొయ్యి మూతి దగ్గర నిప్పులకు ఎదురుగా నిలబెడితేనే పొంగుతుంది. ఆ పొయ్యి బొమ్మ గీసినాయన ఏ అన్నం తినే ఊరివాడో! పుట్టినప్పటి నుంచీ ఆ రొట్టెలే తిన్నదాన్ని, నాకైనా తట్టలేదు. మూతి ముందు జానెడు అరుగు పెట్టనివ్వండని పొద్దున సారుతో చెప్పాలనుకున్నాను.

తెల్లారి లేచేసరికి అమ్మ మట్టి పిసికి మూతిని మునుపటి కొలతకు పూడ్చేసి, అలికి ముగ్గు కూడా పెట్టింది. సారు టేపు పెట్టి చూసి, "భేష్!" అని నంబరు వేయించాడు. నేను అరుగు మాట పక్కనపెట్టి, నంబరేసే రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డాను. అప్పటి నుంచి ఏ పెద్దాఫీసరు వచ్చినా మా ఇంటికే తీసుకొచ్చేవాడు. "పొగ గిగ ఏం లేదు సారూ, మా బిడ్డ కట్టింది" అనేది అమ్మ. నా పని ఖాయమైంది.

రొట్టెలు మాత్రం రోజూ పొంగుతూనే ఉన్నాయి. కొట్టం వెనక మూడు రాళ్లు పెట్టుకుని కాలుస్తోందని ఆమె కొంగుకంటిన పొగ వాసనే చెప్పింది.

అమ్మ పోయి ఏళ్లయింది. గ్యాసు మంట మీద కాల్చిన రొట్టె నాకు సయించదు. అమ్మ ఒక్క పూట తిరిగొస్తే చాలు, ఆ జానెడు అరుగూ పెట్టి కడతాను, నంబరు పోతే పీడా పోయింది. ఆ రోజుల్లో ఊళ్లు తిరిగి ఆకలితో ఇంటికొస్తే వేడి రొట్టె కంచంలో పడేది. "పొంగిందా బిడ్డా?" అని దగ్గుతూ అడిగేది. అది ఏ పొగలో పొంగిందో నాకు తెలుసు. తెలిసే, ఇంకొకటి వేయమన్నాను.