ఛాతీ బొమ్మకి నవ్వెందుకు?

మా బాబాయిది ఒకటే పిచ్చి: ఎదుటివాళ్లు నవ్వేదాకా వదలడు. ఫోటో స్టూడియోలో ఉద్యోగమైతే చెల్లిపోయేది. ఆయన పనిచేసేది ఆసుపత్రిలో, ఎక్స్‌రే గదిలో!

"పలకకి ఆనుకోండి, ఊపిరి బిగబట్టండి... ఏదీ, కాస్త నవ్వండి!"

"తీసేది ఛాతీకి కదయ్యా? నా మొహం ఎవడు చూడొచ్చాడు?" అని ఓ పెద్దాయన కసిరాడు.

"నవ్వితే గుండె దడ తగ్గుతుంది పెద్దాయనా. మీరు వణికితే నా బొమ్మా వణుకుతుంది!"

పెద్దాయన తిట్టుకుంటూనే నవ్వాడు. కాలు విరిగిన లారీ డ్రైవరు మాత్రం చెంప ఛెళ్లుమనిపించాడు. బాబాయి రెండో చెంపతో నవ్వుతూ పని కానిచ్చాడు.

బొమ్మ బాగున్నా బాగోకపోయినా ఆయనది అదే నవ్వు. "ఆ మొహం చూస్తే ఏమీ తెలిసి చావదు" అని నర్సమ్మ విసుక్కునేది.

చివరికి ఆ గదికి నేనూ వెళ్లాల్సొచ్చింది. తగ్గని దగ్గు, ఈమధ్య నెత్తుటి జీర కూడా. అమ్మమ్మని తీసుకుపోయింది ఇలాంటి దగ్గే. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. చల్లటి పలక తగలగానే చచ్చేంత భయం వేసింది.

"నవ్వవే అమ్మడూ!"

"ఊరుకో బాబాయ్! ఏడుపొస్తుంటే నవ్వేంటి?"

"దొంగనవ్వైనా ఫరవాలేదు. ఒంటికి తేడా తెలీదు."

పళ్లికిలించాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, బిగుసుకున్న భుజాలు నిజంగానే దిగాయి.

బయట బల్ల మీద కూర్చున్నాను. ఎంతసేపటికీ పిలవరే! ఆఖరికి తలుపు తెరుచుకుంది. బాబాయి మొహంలో నవ్వు లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ మొహాన్ని అలా చూడలేదు నేను.

"చెప్పు బాబాయ్. బాగా ముదిరిందా?"

"ఏంటే ముదిరేది? బొమ్మ శుభ్రంగా ఉంది. డాక్టరుగారూ చూశారు. గొంతులో పుండట, మందులిస్తారు."

"మరి ఆ మొహమేంటి? చంపేశావు కదా!"

ఆయన నా పక్కన కూలబడి దవడలు నొక్కుకున్నాడు. "బొమ్మ ముందు చూసేది నేను. బయటికి రాగానే అందరూ నా మొహమే చూస్తారు. ఒకరికి నవ్వి ఒకరికి నవ్వకపోతే, పాపం, వాళ్లకి అక్కడే తెలిసిపోదూ? అందుకే అందరికీ ఒకటే నవ్వు. నీ దగ్గర దాచాల్సిందేం లేదుగా, దవడలకి కాసేపు సెలవిచ్చాను."

నాకు నవ్వు ఆగలేదు. దగ్గొచ్చేదాకా నవ్వాను.

"ఇందాక లోపల ఈ నవ్వే నవ్వుంటే ఏం పోయిందే?" అన్నాడు బాబాయి కళ్లు తుడుచుకుంటూ. "నాకూ కాస్త ధైర్యంగా ఉండేది కదా!"